వెల్డా నోరు మెదపని మ్యాచ్

వెల్డా మెగ్రూడర్ గొంతు విననివాళ్ళు హార్లో ఫోర్క్‌లో ఎవరూ లేరు. ఆమె స్కూలు బస్సు నడుపుతుంది. కొండదారి మలుపులో బస్సు తిరుగుతుండగా వెనక సీట్లో పిల్లలు జుట్టూ జుట్టూ పట్టుకుంటే, తల తిప్పకుండా, చెయ్యి స్టీరింగు మీంచి తియ్యకుండా, ఒక్క కేక వేసి అందర్నీ ఎక్కడివాళ్ళనక్కడ కూర్చోబెట్టేది. వేసవి సెలవులివ్వగానే ఆ కేక ఊరి బేస్‌బాల్ జట్టు పాలయ్యేది.

జట్టు పేరు మ్యూల్స్. టోపీల మీద పళ్ళు ఇకిలించే కంచరగాడిద బొమ్మ. పెద్ద లీగు ఎప్పుడు పిలుస్తుందా అని ఎదురుచూసే కుర్రాళ్ళు ఆడే చిన్న లీగు అది. ఈ ఏడు ఉన్నవాడు వచ్చే ఏడు ఉండడు. వెల్డా మాత్రం ఏటా ఉండేది. జట్టు బస్సెక్కి పరాయి ఊరు బయల్దేరితే వెనకాలే ఆమె పికప్ ట్రక్కూ కదిలేది. పక్క సీట్లో ఓపల్. ఓపల్ పక్కింటావిడ, భర్త పోయినావిడ. ఆట మీద ప్రేమ అంతంతమాత్రమే కానీ, ఏ ఊరి మైదానంలో ఏం తినాలో ఆవిడకి కంఠతా వచ్చు.

వెల్డా అరిచేది తన కుర్రాళ్ళ కోసం కొంత, మిగతాదంతా అంపైర్ల మీద. ఆ లీగులో పనిచేసిన అంపైర్లలో ఆమె నోట పడనివాడు లేడు. "కళ్ళు ఇంట్లో మర్చిపోయావా నాయనా, ఫోన్ చేసి తెప్పించమంటావా?" అనేది ఒకడితో. లావుపాటి అంపైరు ఒకాయన, బ్యాటు పట్టినవాడు నిలబడేచోట నేలలో పాతిన హోమ్ ప్లేటు మీద దుమ్ము దులపడానికి వంగితే, "అదీ! ఇవాళ సరిగ్గా చేసిన పని అదొక్కటే!" అనేది. ఆ అంపైరు కూడా మాస్కు చాటున నవ్వుకునేవాడు.

అలాంటి వెల్డా కూతురు టెస్ ఏం చెయ్యాలి? చిన్నప్పట్నించీ బంతాట తప్ప మరో ధ్యాస లేని పిల్ల. కాలేజీ అయ్యాక ఒకరోజు ఫ్లోరిడా నించి ఫోన్ చేసి, "అమ్మా, అంపైర్ల స్కూల్లో చేరాను" అంది. అప్పటికి నెల క్రితమే చేరిందట. ఇంట్లో అందరికన్నా ఆఖరున తల్లికే చెప్పింది.

"వేరే ఉద్యోగాలే దొరకలేదుటే నీకు?" అంది వెల్డా.

"దొరికాయి. ఇదే కావాలనుకున్నాను."

టెస్ వేరే లీగుల్లో కిందినించి పని నేర్చుకుంటూ వచ్చి, ఆ వేసవిలో తల్లి తిరిగే లీగులోకే వచ్చి పడింది. హార్లో ఫోర్క్ జట్టు ఆడే ఆటలకి తనని వెయ్యొద్దని పైవాళ్ళని ముందే అడిగి పెట్టుకుంది. తల్లికి కూడా ఒక మాట చెప్పింది. "రావొద్దు అనను. వస్తే మాత్రం నా కోసం అరవకు, నా మీదా అరవకు. అసలు నోరే మెదపకు. మా అమ్మ ఇక్కడుందని ఒక్కడికి తెలిసినా, నేను చెప్పే ప్రతి నిర్ణయాన్నీ అనుమానంగా చూస్తారు. ఒట్టెయ్యి."

వెల్డా ఒట్టేసింది. మ్యూల్స్ ఆటలకి కూతురు ఎలాగూ రాదు కాబట్టి ఆ ఒట్టుతో తనకి పనిపడదనుకుంది.

జులై నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆట. ఊరు డన్‌వెల్, కొండలు దాటి టెన్నెసీలో. ఆ ఊరి జట్టు పేరు క్రోస్, అంటే కాకులు. మైదానం పాతది. చెక్క బెంచీలు, రేకుల కప్పు, ఎడమవైపు గోడ వెనకే రైలు పట్టాలు. అక్కడివాళ్ళు తమ వాడు పరుగు తీస్తే చప్పట్లు కొట్టరు, అందరూ కలిసి కావ్ కావ్‌మంటారు. డన్‌వెల్‌లో ఆట చూడకపోతే వేసవి వేసవిలాగే ఉండదని వెల్డా అనేది. దానికో కారణం ఉంది. పరుగు తీసేవాడు ప్లేటు చేరేముందు ఆఖరున తాకే మూడో బేస్ పక్క బెంచీలో, ఆమెకి చేతికందేంత దూరంలో, కాకయ్య కూర్చుంటాడు.

అతని అసలు పేరు ఆమెకి తెలీదు. ఈమె పేరు అతనికీ తెలీదు. తెల్ల మీసాల ముసలాయన. బార్బరు షాపు కొడుక్కి అప్పజెప్పి కాకుల జట్టుకి నోరు అద్దెకిచ్చినట్టు అరిచేవాడు. ఏటా వీళ్ళిద్దరి మాటల పోటీ వినడానికి చుట్టుపక్కల బెంచీలు ముందే నిండేవి.

"వచ్చావా గాడిదమ్మా!" అన్నాడు ఆమెని చూడగానే. "కొండెక్కి దిగేసరికి గొంతు ఆరిపోయుంటుంది. నిమ్మనీళ్ళు తాగు, లేకపోతే మళ్ళీ ఓడినప్పుడు ఏడవడానికి కూడా గొంతుండదు."

"నా గొంతు సంగతి నువ్వు చూసుకోనక్కర్లేదు కాకయ్యా. మీ పిచ్చరు బంతి వేస్తుంటే మధ్యలో నిద్రపోకుండా చూసుకో."

చుట్టూ నవ్వారు. ఓపల్ అప్పటికే ఉడకబెట్టిన వేరుశనక్కాయల పొట్లం విప్పి ఒళ్ళో పెట్టుకుంది. మైకులో ఏదో ప్రకటించారు. డన్‌వెల్ మైకు ఎప్పుడూ బొంగురే, ఏం చెప్పిందో ఎవరికీ అర్థంకాదు. ఇద్దరు అంపైర్లు నడుచుకుంటూ వచ్చారు. ఒకడు పొడుగ్గా, బేసుల దగ్గరికి వెళ్ళాడు. రెండో మనిషి మాస్కు చంకలో పెట్టుకుని ప్లేటు దగ్గరికి వస్తోంది. ఎడమ భుజం కాస్త వాల్చి నడిచే నడక.

వెల్డా ఓపల్ మోచెయ్యి పట్టుకుంది.

"ఒసే ఓపల్," అంది, పెదవులు కదలకుండా. "అది మన టెస్."

"మన టెస్సా? మనవాళ్ళ ఆటకి వెయ్యరన్నావుగా?"

తరవాత తెలిసిందేమంటే, రావలసిన అంపైరుకి పొద్దున్నే కడుపునొప్పి వచ్చి ఆస్పత్రిలో చేరాడు. దగ్గర్లో ఉన్నది టెస్ ఒక్కతే. వేరే దారి లేక పంపించారు. అప్పటికి ఇవేవీ తెలియని వెల్డా టోపీ కళ్ళ మీదికి లాక్కుని బెంచీలో ఒదిగి కూర్చుంది.

"వెళ్ళిపోదామా?" అంది ఓపల్, పొట్లం మూస్తూ.

వెల్డా ఒక్క క్షణం ఆలోచించింది. కూతురు ప్లేటు వెనక నిలబడి పనిచెయ్యడం ఆమె ఇంతవరకూ కళ్ళారా చూడలేదు. తల అడ్డంగా ఊపింది. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

ఆట మొదలైంది. మాస్కులోంచి టెస్ గొంతు వినపడింది. బంతి సరిగ్గా పడిందని చెప్పే "స్ట్రైక్!" అన్న ఆ మాట మాటలా లేదు, లోపల్నించి తన్నుకొచ్చిన కేకలా ఉంది. కుడిచెయ్యి గుద్దినట్టు పక్కకి వెళ్ళింది. ఓపల్ వేరుశనక్కాయ నోట్లో పెట్టుకోబోయి ఆగింది. "ఒసేయ్, అచ్చం నీ గొంతే!"

కాకయ్య మాత్రం చెలరేగిపోయాడు. డన్‌వెల్‌లో ఆడపిల్ల ప్లేటు వెనక నిలబడ్డం అదే మొదటిసారి.

"ఏమ్మా, స్టవ్వు మీద పాలు పెట్టొచ్చావా? పొంగిపోతున్నాయి వెళ్ళు!" అన్నాడు. కాసేపాగి, "ఆ బంతి మోకాళ్ళ కిందనించి పోయింది తల్లీ! నువ్వు చూసేది బంతినా, కుర్రాణ్ణా?"

జనం విరగబడి నవ్వారు. వెల్డా చెవులు ఎర్రబడ్డాయి. ఆమె దగ్గర జవాబులు లేక కాదు. నాలిక చివర కుప్పలు పోసినట్టున్నాయి. ఒక్కోటి పళ్ళ మధ్య నలిపి మింగుతోంది.

"గాడిదమ్మా, ఏంటి కథ?" అని ఆమెవైపు తిరిగాడతను. "ఇన్ని అన్నాను, ఒక్కదానికీ బదులు లేదు. గొంతు నిజంగానే పోయిందా?"

వెల్డా మెడ పట్టుకుని చూపించింది. పోయిందన్నట్టు.

"దానికి జలుబు," అంది ఓపల్. అబద్ధమాడటానికి ఆవిడకి ఒట్టు అడ్డు లేదు.

"అయ్యో!" అన్నాడు కాకయ్య, నిజంగా బాధపడుతూ. జేబులోంచి దగ్గుబిళ్ళ తీసి ఇచ్చాడు. అవతల కూతుర్ని తిడుతున్న మనిషి ఇచ్చిన దగ్గుబిళ్ళ వెల్డా నోట్లో వేసుకుంది. ఏం చేస్తుంది మరి.

ఆ ఎండలో ఆమె కూతుర్నే చూస్తూ కూర్చుంది. జీవితంలో మొదటిసారి ఏ జట్టూ ఆమె కంటికి ఆనలేదు. పిచ్చరు చెయ్యి కదలగానే టెస్ ఎలా కిందికి జారుతుందో, బంతి గ్లవ్‌లో పడ్డాక కూడా తల ఎలా కదపదో చూసింది. క్రోస్ కుర్రాడొకడు నిర్ణయం నచ్చక బ్యాటు నేలకేసి కొడితే, టెస్ వాడి మొహం కూడా చూడకుండా, ప్లేటు తుడుస్తూ, కింద చూస్తూనే ఏదో రెండు ముక్కలంది. వాడు బ్యాటు తీసుకుని బుద్ధిగా వెళ్ళిపోయాడు. 'ఏమన్నదో!' అనుకుంది వెల్డా. ఆ రెండు ముక్కలు వినడానికి ఏదైనా ఇచ్చేసేది.

ఆట సగం దాటాక అది జరిగింది. బ్యాటు అంచున తగిలిన బంతి వెనక్కి దూసుకొచ్చి, కవచం పైన, మెడకీ భుజానికీ మధ్య ఎముక మీద టెస్‌ని కొట్టింది. ఆ చప్పుడు బెంచీల దాకా వినపడింది. టెస్ మోకాళ్ళ మీద కూలబడింది. ఎవడో వెనకనించి కావ్‌మన్నాడు.

వెల్డా లేచి నిలబడింది. ముందున్న ఇనప కమ్మీ పట్టుకుంది. ఒంట్లో ఉన్న కేకంతా గొంతు దాకా వచ్చి అక్కడే ఆగింది. లేవలేక లేస్తున్న కూతురు ఒకచేత్తో నేలని ఆనుకుని, 'ఏం కాలేదు' అన్నట్టు రెండోచెయ్యి ఊపింది. ప్లేటు వెనక బంతి పట్టే డన్‌వెల్ క్యాచరు మంచివాడు. ఏ పనీ లేకపోయినా పిచ్చరు దగ్గరికి నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళి, ఏవో కబుర్లు చెప్తూ నిలబడ్డాడు. ఆమెకి ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వడానికి.

"తొందరపడకు తల్లీ," అంది వెల్డా, తనకొక్కదానికే వినపడుతుందనుకుని, మెల్లగా. "కాస్త ఆగు. ఆగి లే."

ఆ మాట పక్క బెంచీకి చేరింది. కాకయ్య తలతిప్పి చూశాడు. కమ్మీ మీద బిగుసుకున్న ఆమె చేతుల్ని చూశాడు. ప్లేటు వెనక లేచి నిలబడ్డ అమ్మాయి వాలు భుజాన్ని చూశాడు. అలాగే వాలిన ఈమె భుజం చూశాడు.

"మీ పిల్లా?" అన్నాడు.

వెల్డా కమ్మీ వదల్లేదు, మైదానం మీంచి చూపూ తిప్పలేదు. ఒట్టు ఒట్టే.

"అవును," అంది ఓపల్. "ఇంక నోరు మూసుకుని చూడు. బయటికి పొక్కిందా, ఆ మీసాలు నేనే గొరుగుతాను."

కాకయ్య టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. చాలాసేపు దాని అంచు తిప్పుతూ కూర్చున్నాడు. "పాలు పొంగుతున్నాయన్నాను," అన్నాడు చివరికి.

"విన్నాం," అంది ఓపల్.

ఆ తరవాత రెండు ఇన్నింగ్స్ ఆ బెంచీల్లో మాట లేదు. పోటీ వినడానికొచ్చిన జనం ఇటు చూసి అటు చూసి నిరాశపడి, ఐస్‌క్రీముల కోసం లేచి వెళ్ళారు.

చివరి ఇన్నింగ్స్‌కి మ్యూల్స్ ఒక్క పరుగు వెనకబడి ఉన్నారు. ఒకడు ఔటయ్యాడు. రెండో బేస్ మీద టోబిన్ అనే కుర్రాడున్నాడు. ఆ ఏడు వెల్డాకి అందరికన్నా ఇష్టమైనవాడు, పుట్టినరోజుకి పీచ్ పళ్ళతో 'పై' అనే తీపి వంటకం చేసి తీసుకెళ్ళింది వాడికే. తరవాతివాడు కొట్టిన బంతి ఎడమవైపుకి దూసుకుపోయింది. టోబిన్ పరుగందుకున్నాడు. మూడో బేస్ దాటి, వెల్డా ఎదురుగానే, దుమ్ము లేపుకుంటూ హోమ్ ప్లేటువైపు మళ్ళాడు. దూరం నించి బంతి వచ్చింది. క్యాచరు అందుకుని అడ్డంపడ్డాడు. టోబిన్ చెయ్యి చాచి పొట్టమీద జారాడు. దుమ్ము తప్ప ఏమీ కనపడలేదు.

టెస్ ఆ దుమ్ములోకి వంగి చూసింది. పిడికిలి పైకి లేచింది.

"ఔట్!"

వెల్డా కళ్ళకి, క్యాచరు బంతి తగిలించకముందే వాడి వేళ్ళు ప్లేటుని తాకాయి. ఆమె కూర్చున్నది తిన్నగా ఎదురుగా. ఇంకెవరైనా అంపైరు అయ్యుంటే కొండ అవతలికి వినపడేది ఆ అరుపు.

మ్యూల్స్ మేనేజరు రడెల్ పరుగెత్తుకొచ్చాడు. పొట్టిగా, మెడ లేనట్టుండే మనిషి. మొహం టమాటోలా ఉంది. ఆ చిన్న లీగులో టీవీలో మళ్ళీ చూసి తేల్చుకోవడాలు లేవు, అంపైరు అన్నదే మాట.

"కనిపించిందా నీకు? అసలు కనిపించిందా?" అని అరుస్తున్నాడు, టెస్ మొహానికి జానెడు దూరంలో.

టెస్ మాస్కు తీసి పట్టుకుని నిలబడింది. జుట్టు నుదుటికి అతుక్కుపోయుంది. "కనిపించింది. చెయ్యి గాల్లో ఉండగా తగిలింది. చెప్పేది చెప్పావు కదా, ఇంక వెళ్ళి కూర్చో."

"వెళ్ళను. నీ ముసలి అమ్మ వచ్చి చూసినా సేఫ్ అంటుంది!"

ఓపల్‌కి వేరుశనక్కాయ గొంతుకి అడ్డం పడింది. కాకయ్య వీపు తట్టాల్సొచ్చింది.

"వెళ్ళమన్నాను," అంది టెస్.

రడెల్ కాలితో దుమ్ము రేపి ఆమె బూట్ల మీద పోశాడు. టెస్ కిందికి చూసుకుంది. తల ఎత్తి, చెయ్యి ఊపి, వేలు బయటికి చూపించింది. గొంతు పెంచలేదు. అది దెబ్బతిన్న భుజంవైపు చెయ్యి. వెల్డాకి తెలుసు, ఆ చెయ్యి అంత పైకి లేపడానికి ఎంత నొప్పి ఓర్చుకుందో.

రడెల్ తిట్టుకుంటూ మూడో బేస్ పక్కగా బయటికి నడిచాడు. కమ్మీ దగ్గర వెల్డాని చూసి ఆగాడు.

"చూశావా వెల్డా! నీ ఎదురుగానే జరిగింది! మనవాళ్ళని నిలువునా ముంచుతుంటే బొమ్మలా కూర్చున్నావేం? ఒక్క కేక వెయ్యి! నువ్వు అరిస్తేనే దానికి తెలిసొస్తుంది!"

తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ అందరూ ఆమెవైపే చూస్తున్నారు. ఇన్నేళ్ళ జట్టు. తన ఊరి పేరు రాసున్న చొక్కా. వాడి వేళ్ళు ముందే తాకాయని తన కళ్ళు చెప్తున్నాయి. ప్లేటు దగ్గర టెస్ మాస్కు పెట్టుకుంటూ ఒక్క లిప్తపాటు ఇటు చూసింది. చూసి, మొహం తిప్పుకుని పనిలో పడింది.

వెల్డా దగ్గుబిళ్ళ బుగ్గ మార్చుకుంది. రడెల్‌ని తిన్నగా చూస్తూ, వెళ్ళమన్నట్టు గేటువైపు గడ్డం ఊపింది.

అతను గేటు తోసుకుని వెళ్ళిపోయాడు.

తరవాతివాడు కొట్టిన బంతి గాల్లోకి లేచి ఎవరి చేతిలోనో పడింది. ఆట అయిపోయింది. మ్యూల్స్ ఓడిపోయారు. డన్‌వెల్ అంతా కావ్ కావ్‌మంది, ఒక్క కాకయ్య తప్ప. అతను లేచి, టోపీ చంకలో పెట్టుకుని, చెయ్యి చాపాడు.

"నా పేరు ఎల్‌రాయ్ టల్లీ. నాకూ ఒక కూతురుంది. అగ్నిమాపక దళంలో పనిచేస్తుంది. దాన్నెవరైనా ఇలా అంటే..." అని ఆగిపోయాడు. "మీ అమ్మాయికి నా తరఫున క్షమాపణ చెప్పండి."

"మీరే చెప్పుకోవచ్చు," అంది వెల్డా. ఆట మొదలయ్యాక పైకి వినపడేలా ఆమె మాట్లాడిన మొదటి మాట అది. "వచ్చే నెల ఇటువైపు దానికి మళ్ళీ ఆట ఉంది. మర్యాదగా అరవండి. అరవడం మాత్రం మానకండి, దానికి అలవాటు తప్పుతుంది."

ఊరి బయట రోడ్డు పక్క హోటల్లో కలిశారు తల్లీ కూతుళ్ళు. తన పని ముగిశాక టెస్సే ఫోన్ చేసి రమ్మంది. భుజం మీద ఐసు గుడ్డ చుట్టుకుని, ఎదురుగా రొట్టెలూ గ్రేవీ పెట్టుకుని కూర్చుని ఉంది.

"నొప్పిగా ఉందా?"

"ఉంది. నువ్వున్నావని మొదటి ఇన్నింగ్స్‌లోనే చూశాను. నువ్వెక్కడ నోరు జారతావో అని భుజం కన్నా అదే ఎక్కువ భయం."

"నేనా?" అంది వెల్డా. ఓపల్ నవ్వుతూ మెనూ చాటుకి వెళ్ళింది.

"అంత గోలలో ఎలా నిలబడతావే?" అని అడిగింది వెల్డా.

"అదొక గోలా? నీ పక్కన కూర్చుని పెరిగాను. అంపైర్ల స్కూల్లో మా మాస్టారు చెవిలో అరిచి పరీక్ష పెడితే అందరూ తడబడ్డారు, నాకు నిద్రొచ్చింది."

వెల్డా కాఫీ కప్పు తన వైపు లాక్కుంది. "వాడు సేఫ్," అంది.

"ఔట్."

"నేను ఎదురుగా ఉన్నాను."

"నేను వాళ్ళ మీదే వంగి ఉన్నాను."

ఓపల్ తెప్పించుకున్న 'పై' ముక్కని టెస్ పళ్ళెంతో సహా ఇద్దరి మధ్యకి లాగింది. అదే హోమ్ ప్లేటు అంది. ఉప్పు డబ్బా క్యాచరు. ఫోర్కు టోబిన్. వేళ్ళు పైకి లేచినప్పుడు గ్లవ్ ఎక్కడుందో మెల్లగా జరిపి చూపించింది. వెల్డా ఫోర్కు లాక్కుని తనకి కనపడినట్టు జరిపింది. కాఫీ పొయ్యడానికొచ్చిన అమ్మాయి కాసేపు నిలబడి చూసి, "నాకైతే ఉప్పు డబ్బాదే పైచెయ్యిలా ఉందండీ," అంది. ఓపల్ ఆ గొడవ తేలే లోపు హోమ్ ప్లేటు తినేసింది.

ఆ గొడవ ఇప్పటికీ తేలలేదు. మ్యూల్స్ ఆ ఏడు ఎక్కడో అడుగున మిగిలారు. టెస్‌ని మాత్రం మరుసటి ఏడాదికి పై లీగులో వేశారు. ఏప్రిల్‌లో, ఆమె ఎన్నడూ చూడని ఊళ్ళో, ఏ టోపీ లేకుండా బెంచీలో కూర్చున్న వెల్డాని పక్కనున్నాయన పలకరించాడు.

"చాలా దూరం నించి వచ్చినట్టున్నారు. ఏ జట్టు మీది?"

ప్లేటు వెనక నల్లచొక్కా వేసుకుని వంగుతున్న మనిషిని గడ్డంతో చూపించింది వెల్డా. అతనికి అర్థంకాలేదు. ఆమె చెప్పలేదు. జేబులోంచి దగ్గుబిళ్ళ తీసి నోట్లో వేసుకుని, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుంది.